దాణా మిల్లు బ్యాచింగ్ లాజిక్‌ను ముందు బొమ్మల్లో గీయడం: పెట్రి నెట్ నుంచి పీఎల్‌సీ దాకా

తూకం హాపర్ (దినుసులు తూచే తొట్టి) గేటు తెరుచుకుంది. కింద మిక్సర్ తలుపు ఇంకా మూసుకోలేదు. మొక్కజొన్న, సోయా చెక్క, తవుడు ఏదీ కలవకుండానే నేరుగా సర్జ్ హాపర్‌లోకి (కలిపిన సరుకు కాసేపు నిలిచే తొట్టి), అక్కణ్నుంచి దాణాను గుళికలు చేసే పెల్లెట్ మిల్లుకి వెళ్లిపోయాయి. ప్లాంటును నడిపే కంప్యూటర్ పీఎల్‌సీలో ప్రోగ్రాం తెరిచి ఒక్కో రంగ్ (ల్యాడర్ అనే నిచ్చెన రూపపు ప్రోగ్రాంలో ఒక మెట్టు) చూస్తే అన్నీ సరిగానే ఉంటాయి. తప్పు రంగ్‌లో ఉండదు, రెండు యంత్రాలు సరుకు చేతులు మార్చుకునే చోట ఉంటుంది. ల్యాడర్‌లో ఆ చోటు కనిపించదు, బొమ్మలో కనిపిస్తుంది.

అందుకే ఈ మార్గదర్శి అంతా ఒకే ప్లాంటు మీద నడుస్తుంది. 1000 కిలోల బ్యాచ్ తీసే కోళ్ల దాణా మిల్లు. పైన 8 బిన్‌లు, ఒక్కోదానికి డ్రైవ్‌తో (మోటారు వేగం మార్చే పరికరం) నడిచే స్క్రూ ఫీడర్. వాటి కింద లోడ్ సెల్స్ (బరువు కొలిచే సెన్సర్లు) మీద నిలబడ్డ తూకం హాపర్, దానికి గాలితో నడిచే స్లైడ్ గేటు. ఆ కింద మిక్సర్, దాని అడుగున తలుపు. అన్నిటికంటే కింద సర్జ్ హాపర్, సరుకు లాక్కెళ్లే కన్వేయర్. సిమెంటు మిక్సింగ్ ప్లాంటైనా, పెయింటు ఫ్యాక్టరీ అయినా పద్ధతి ఇదే.

ఏ బొమ్మ దేనికి

ఒక్క రకం బొమ్మతో అంతా చెప్పాలని చూడటం మొదటి పొరపాటు. యంత్రాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలకు, ఎక్కడైనా ఇరుక్కుపోతుందేమో తేల్చడానికి పెట్రి నెట్. జర్మనీకి చెందిన కార్ల్ ఆడమ్ పెట్రి 1962 నాటి తన పరిశోధన గ్రంథంలో దీనికి పునాది వేశారు. ఒక యంత్రం లోపలి వరుసకు గ్రాఫ్‌సెట్. ఇది 1977లో ఫ్రాన్స్‌లో పుట్టింది, ఇప్పుడు అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంస్థ ఐఈసీ వారి 60848 ప్రమాణం. దాన్ని పీఎల్‌సీలో నడిపే రూపం ఐఈసీ 61131-3లోని సీక్వెన్షియల్ ఫంక్షన్ చార్ట్, మనవాళ్ల మాటలో ఎస్ఎఫ్‌సీ. ఆటో, మాన్యువల్, హోల్డ్, ఫాల్ట్ లాంటి మోడ్‌లకు డేవిడ్ హారెల్ 1987లో ప్రచురించిన స్టేట్‌చార్ట్. మిల్లీసెకన్ల లెక్కకు మామూలు టైమింగ్ డయాగ్రమ్ చాలు.

గీయడం కూడా ఇదే వరుసలో సాగాలి. నేరుగా ఎస్ఎఫ్‌సీ ఎడిటర్ తెరిచి కూర్చుంటే తూకం వరుస బ్రహ్మాండంగా వస్తుంది, మిక్సర్ వరుసా వస్తుంది, రెండూ కలిసే చోటు మాత్రం కమిషనింగ్ (ప్లాంటును మొదటిసారి నడిపి చూసే) రోజున సైట్‌లో తేలుతుంది.

1. సిగ్నల్ జాబితా, సెన్సర్ అబద్ధం చెప్పే తీరు

బొమ్మకు ముందు ఒక పట్టిక. ప్రతి కదిలే భాగానికీ రెండు స్విచ్‌లు ఉండాలి: తెరిచింది, మూసింది. ఒక్క స్విచ్ పెట్టి "తెరవలేదు కాబట్టి మూసినట్టే" అనుకుంటే సగంలో ఇరుక్కున్న గేటు మూసిన గేటుగా కనిపిస్తుంది.

ప్రతి ఇన్‌పుట్ పక్కన ఇంకో గడి పెట్టండి: వైరు తెగితే ఇది ఏమని చెబుతుంది? సర్జ్ హాపర్ లెవెల్ స్విచ్‌నే తీసుకోండి. వైరు తెగినప్పుడు "ఖాళీ" అని చదివేలా వేస్తే, నిండిన హాపర్ మీద మిక్సర్ ఇంకో టన్ను కుమ్మరిస్తుంది. "నిండింది" అని చదివేలా వేస్తే ప్లాంటు ఆగుతుంది. ఆగడమే మేలు. నూనె పట్టిన దాణా స్విచ్‌కి అంటుకుపోయినా ఇదే జరుగుతుంది, లైను ఆగి ఎవరో ఒకరు వెళ్లి తుడుస్తారు.

2. పెట్రి నెట్: మూడు చక్రాలు

పెట్రి నెట్‌లో రెండే ఆకారాలు. వృత్తం ఒక స్థితి, అడ్డగీత ఒక సంఘటన. వృత్తంలో చుక్క ఉంటే ఆ స్థితి ఇప్పుడు నిజం. అడ్డగీతలోకి బాణాలు వచ్చే వృత్తాలన్నిటిలో చుక్క ఉన్నప్పుడే ఆ సంఘటన జరుగుతుంది. జరిగితే అవి చుక్కలు కోల్పోతాయి, అవతలి వృత్తాలకు చుక్కలు వస్తాయి.

మన ప్లాంటుకు మూడు చక్రాలు గీయండి.

హాపర్ చక్రం: ఖాళీ, తూకం, నిండింది, దించడం, మళ్లీ ఖాళీ.

మిక్సర్ చక్రం: ఖాళీ, దించడం, కలపడం, సిద్ధం, విడుదల, మళ్లీ ఖాళీ.

సర్జ్ చక్రం: ఖాళీ, విడుదల, ఖాళీ అవుతోంది, మళ్లీ ఖాళీ.

"దించడం" అనే వృత్తం హాపర్ చక్రంలోనూ మిక్సర్ చక్రంలోనూ ఉందని గమనించండి. అది రెండు వృత్తాలు కాదు, ఒకటే. "విడుదల" కూడా అంతే, మిక్సర్‌కూ సర్జ్‌కూ ఉమ్మడి. మొదట్లో మూడు "ఖాళీ" వృత్తాల్లో ఒక్కో చుక్క పెట్టండి.

ఇప్పుడు ఫలితం చూడండి. మిక్సర్ చక్రంలో ఎప్పుడైనా ఒకటే చుక్క ఉంటుంది, ఏ సంఘటనా దాన్ని రెండు చేయదు. "దించడం", "విడుదల" రెండూ ఆ చక్రంలోవే. కాబట్టి రెండూ ఒకేసారి నిజం కాలేవు. మొదట్లో చెప్పిన ప్రమాదం, అంటే పై గేటూ కింది తలుపూ ఒకేసారి తెరిచి ఉండటం, ఈ బొమ్మ ప్రకారం అసాధ్యమని కాగితం మీదే తేలింది. బొమ్మలో "దించడం" అంటే గేటు తెరవడం మొదలు, మళ్లీ పూర్తిగా మూసిందని స్విచ్ చెప్పేదాకా. "విడుదల" కూడా అంతే. మూత పడే సమయాన్ని ఈ వృత్తం బయట వదిలేస్తే రుజువు చెల్లదు.

ఇరుక్కుపోవడం గురించి కూడా ఇక్కడే తేలుతుంది. ప్రతి వృత్తంలోకి ఒక్క బాణం వచ్చి, ఒక్క బాణం వెళ్లే ఇలాంటి నెట్‌లకు నియమం సులువు: నెట్‌లోని ప్రతి చక్రంలోనూ కనీసం ఒక చుక్క ఉంటే ఎక్కడా ఇరుక్కుపోదు. చుక్క లేని చక్రం ఒక్కటున్నా ఇరుక్కుంటుంది. ఉదాహరణకు ఎవరో మంచి ఉద్దేశంతో ఒక ఇంటర్‌లాక్ (ఒకటి జరిగితేనే ఇంకోటి జరగాలన్న షరతు) చేరుస్తారు: "మిక్సర్ తలుపు తెరిచాకే తర్వాతి తూకం మొదలవ్వాలి." బొమ్మలో ఇది కొత్త చక్రం: తూకం, దించడం, కలపడం, తలుపు, మళ్లీ తూకం. అందులో చుక్క లేదు. పొద్దున్నే స్టార్ట్ నొక్కితే ఏమీ కదలదు, ఎందుకంటే మొదటి బ్యాచ్‌కు ముందు తలుపు తెరిచే సందర్భమే రాదు. సైట్‌లో దీనికి దొరికే చికిత్స, మాన్యువల్‌లో తలుపు ఒకసారి తెరిచి మూయడం. రెండో వారానికి అది ఆపరేటర్ల అలవాటైపోతుంది, కారణం ఎవరికీ గుర్తుండదు.

3. అదే బొమ్మ మీద సమయం రాయండి

ప్రతి వృత్తం పక్కన సెకన్లు వేయండి. ఈ ప్లాంటుకు:

ఒక్కో దినుసు తూకం సగటున 30 సెకన్లు, 8 దినుసులకు 240. దించడం 20, గేటు మూత 5. పొడిగా కలపడం 90, నూనె 45, తడిగా కలపడం 90. విడుదల 20, తలుపు మూత 5. సర్జ్ ఖాళీ అవడం 180.

హాపర్ చక్రం: 240 + 20 + 5 = 265 సెకన్లు.
మిక్సర్ చక్రం: 20 + 5 + 90 + 45 + 90 + 20 + 5 = 275.
సర్జ్ చక్రం: 20 + 5 + 180 = 205.

ఒక్కో చక్రంలో చుక్క ఒకటే కాబట్టి అన్నిటికంటే పొడవైన చక్రమే ప్లాంటు వేగం: 275 సెకన్లకు ఒక బ్యాచ్, గంటకు సుమారు 13 టన్నులు. తూకం, కలపడం ఒకదాని తర్వాత ఒకటి చేస్తే 240 + 275 = 515 సెకన్లు, గంటకు 7 టన్నులే.

ఈ లెక్క చేతిలో ఉంటే కొనుగోళ్ల గురించి కూడా మాట్లాడొచ్చు. పెద్ద స్క్రూలు వేసి తూకాన్ని 200 సెకన్లకు దించినా ఉత్పత్తి ఒక్క కిలో పెరగదు, మిక్సర్ చక్రం అలాగే 275 దగ్గర ఉంటుంది. ఇందాకటి ఇంటర్‌లాక్ చక్రంలో ఒక చుక్క పెట్టి బతికించినా, ఆ చక్రం పొడవు 240 + 25 + 225 = 490. ప్లాంటు కదులుతుంది కానీ సగం వేగంతో. "ఏదో స్లోగా ఉంది సార్" అన్న ఫిర్యాదు చాలాసార్లు మోటార్ల నుంచి కాదు, ఇలాంటి ఒక్క బాణం నుంచి వస్తుంది.

నెట్ పెద్దదైతే చేత్తో వద్దు. తులూజ్‌లోని లాస్ పరిశోధనశాల తయారుచేసిన టీనా అనే సాఫ్ట్‌వేర్‌లో గీస్తే చేరగల స్థితులన్నీ, ఇరుక్కునే చోట్లూ అదే చూపిస్తుంది. సమయపు షరతులు మరీ గట్టిగా ఉంటే ఉప్సాల, ఆల్‌బోర్గ్ విశ్వవిద్యాలయాల ఉప్పాల్ వాడొచ్చు. దాణా మిల్లుకు మాత్రం అంత అవసరం పడదు.

4. గ్రాఫ్‌సెట్: ఒక్కో యంత్రానికి ఒక్కో చార్ట్

చతురస్రం స్టెప్, అడ్డగీత ట్రాన్సిషన్, గీత పక్కన కండిషన్. మొదలయ్యే స్టెప్‌కు రెండు గీతల చతురస్రం. అంకెలు యంత్రం వారీగా ఇవ్వండి: హాపర్‌కు 10 నుంచి, మిక్సర్‌కు 20 నుంచి, సర్జ్‌కు 30 నుంచి. నంబరు వినగానే ఏ యంత్రమో తెలియాలి.

హాపర్: 10 ఖాళీగా వేచి ఉండటం. 11 కోర్స్ (వేగంగా పోయడం). 12 ఫైన్ (నెమ్మదిగా పోయడం). 13 స్థిరపడటం. 14 తేడా చూడటం. 15 నిండింది. 16 దించడం. 17 గేటు మూత. 18 ఇచ్చేశాను. 19 ఆపరేటర్ నిర్ణయం.

మిక్సర్: 20 ఖాళీ. 21 తీసుకోవడం. 22 పొడిగా కలపడం. 23 నూనె. 24 తడిగా కలపడం. 25 సిద్ధం. 26 విడుదల. 27 తలుపు మూత. 28 ఇచ్చేశాను.

సర్జ్: 30 ఖాళీ. 31 తీసుకోవడం. 32 ఖాళీ అవుతోంది.

విటమిన్ ప్రీమిక్స్ చేత్తో పోస్తారు కాబట్టి స్టెప్ 22లో 90 సెకన్ల లెక్క అది పడ్డాకే మొదలవ్వాలి. బటన్ ఒక్కటే నమ్మకండి. బస్తా పోయకుండా బటన్ నొక్కడం ఎంతో తేలిక. పోసే మూత తెరిచి మూసినట్టు స్విచ్ చూపాలి, ఆ తర్వాతే బటన్ చెల్లాలి.

స్టెప్ 14 దగ్గర నాలుగు దారులు. తూకం తక్కువైతే 12కి వెనక్కి. ఎక్కువైతే 19. సరిపోయి ఇంకా దినుసులుంటే 11. సరిపోయి అవే చివరివైతే 15. నాలుగు కండిషన్లూ ఒకదానితో ఒకటి కలవకుండా రాయాలి. "చివరి దినుసు" అని మాత్రమే రాసి "సరిపోయింది" వదిలేస్తే, చివరి దినుసు ఎక్కువ పడ్డప్పుడు రెండు కండిషన్లు ఒకేసారి నిజమవుతాయి. అప్పుడు గ్రాఫ్‌సెట్ నియమం ప్రకారం 15, 19 రెండూ వెలుగుతాయి, అంటే రెండు స్టెప్పులూ ఒకేసారి నడుస్తాయి. ఐఈసీ 61131-3 ఎస్ఎఫ్‌సీలో మాత్రం మామూలుగా ఎడమ దారికే ప్రాధాన్యం, ఒక్కటే వెలుగుతుంది. ఒకే బొమ్మ కాగితం మీద ఒకలా, పీఎల్‌సీలో ఇంకోలా నడుస్తుంది.

5. చేతులు మార్చుకునే చోటు

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. పెట్రి నెట్‌లో "దించడం" ఉమ్మడి వృత్తం. గ్రాఫ్‌సెట్‌లో చార్టులు వేరు చేశాం కాబట్టి ఆ ఉమ్మడితనాన్ని సిగ్నళ్లతో తిరిగి కట్టాలి. సులువుగా తోచే దారి: రెండు చార్టుల్లోనూ ఒకే కండిషన్, "15 వెలుగుతోంది, 20 వెలుగుతోంది". హాపర్ 15 నుంచి 16కి, మిక్సర్ 20 నుంచి 21కి ఒకేసారి దూకుతాయి. గ్రాఫ్‌సెట్‌లో ఇది నిజమే, దాటగల ట్రాన్సిషన్లన్నీ ఒకేసారి దాటాలన్నది దాని నియమం.

పీఎల్‌సీ చార్టులను ఒకదాని తర్వాత ఒకటి నడుపుతుంది. ముందు హాపర్ చార్ట్ నడిచి 16కి వెళ్తుంది. అదే స్కాన్‌లో (ప్రోగ్రాంను మొదటినుంచి చివరిదాకా ఒకసారి నడపడం) మిక్సర్ చార్ట్ చూసేసరికి 15 ఆరిపోయి ఉంటుంది. మిక్సర్ 20లోనే మిగిలిపోతుంది. హాపర్ టన్ను సరుకు దించేస్తుంది, మిక్సర్ మాత్రం తాను ఖాళీ అనే అనుకుంటుంది. తర్వాతి బ్యాచ్ కూడా దాని మీదే పడుతుంది. సిమ్యులేటర్‌లో చార్టుల వరుస వేరుగా ఉంటే ఈ తప్పు అక్కడ కనిపించకపోవచ్చు కూడా.

దీనికి మందు నాలుగు మెట్ల కరచాలనం:

15 వెలుగుతుంటే, మిక్సర్ మోటారు తిరుగుతూ తలుపు మూసి ఉంటే, 20 నుంచి 21కి.
21 వెలుగుతుంటే 15 నుంచి 16కి.
బరువు 5 కిలోల కన్నా తక్కువగా 3 సెకన్లు నిలిస్తే 16 నుంచి 17కి, మూసిన స్విచ్ వస్తే 18కి.
18 వెలుగుతుంటే 21 నుంచి 22కి. 21 ఆరితే 18 నుంచి 10కి.

ఎవరూ అవతలివాడి జవాబు చూడకుండా ముందుకు పోరు. స్కాన్ వరుస ఏదైనా, రెండు చార్టులు రెండు వేర్వేరు పీఎల్‌సీల్లో ఉన్నా పనిచేస్తుంది. ఖర్చు రెండు మూడు స్కాన్‌లు, అంటే 275 సెకన్లలో లెక్కకు రానంత. మిక్సర్, సర్జ్ మధ్య 25, 31, 26, 27, 28, 32 స్టెప్పులతో ఇదే వేయండి.

6. మోడ్‌లు: వరుసలో కలపకండి

ప్రతి స్టెప్ నుంచి ఫాల్ట్‌కి ఒక బాణం గీయడం మొదలుపెడితే 22 స్టెప్పులకు 22 బాణాలు, హోల్డ్‌కి ఇంకో 22. బొమ్మ సాలెగూడు అవుతుంది. స్టేట్‌చార్ట్ ఇక్కడే అక్కరకొస్తుంది: "ఆటో" అనే పెద్ద పెట్టె, దాని లోపల "నడుస్తోంది", "హోల్డ్". పెద్ద పెట్టె అంచు నుంచి ఫాల్ట్‌కి ఒక్క బాణం చాలు. వెనక్కి వచ్చేటప్పుడు ఆగిన చోటికే రావడానికి హిస్టరీ గుర్తు. ఆపే తీరులన్నీ గుర్తుకు రావాలంటే ఫ్రాన్స్‌లో ఆడెపా సంస్థ తెచ్చిన జెమ్మా పటం ముందు పెట్టుకోండి. చక్రం చివర ఆపడం, ఉన్నపళంగా ఆపడం, లోపం తర్వాత శుభ్రం చేసి మళ్లీ సిద్ధం చేయడం, అన్నిటికీ అందులో ఒక్కో గడి ఉంటుంది.

కొన్ని స్టెప్పుల్లో ఆగిన చోటికే రావడం తప్పు. కోర్స్ మధ్యలో హోల్డ్ పడితే 11కి కాదు, 13కి రావాలి. బరువు స్థిరపడ్డాక 14లో తక్కువ తేలితే అదే 12కి పంపుతుంది. కలపడంలో ఇంకో చిక్కు ఉంది. ఎస్ఎఫ్‌సీ స్టెప్ సమయం, స్టెప్ వెలిగినంతసేపూ లెక్క పెడుతూనే ఉంటుంది, మిక్సర్ మోటారు ట్రిప్ అయి ఆగినా సరే. 90 సెకన్లలో 60 ఆగి ఉన్నా "కలిసింది" అని ముందుకు పోతుంది. మోటారు తిరిగే సిగ్నల్ ఉన్నప్పుడే పెరిగే వేరే టైమర్ వాడండి.

కరెంటు పోయినప్పుడు వెలుగుతున్న స్టెప్ నంబర్లు నిలుపుకోవాలి, కరెంటు రాగానే మాత్రం హోల్డ్‌లో లేవాలి. హాపర్‌లో ఇప్పుడున్న బరువు, ఆగేముందు దాచిన బరువు పోల్చి తేడా ఉంటే ఆపరేటర్‌ని అడగాలి. మిక్సర్‌కు లోడ్ సెల్ లేదు, దానిలో సరుకుందో లేదో చెప్పేది ఆ స్టెప్ నంబరొక్కటే.

ఎమర్జెన్సీ స్టాప్ ఏ చార్టులోనూ ఉండదు. అది సేఫ్టీ రిలే పని, వైరింగ్‌లోనే కరెంటు కోస్తుంది. చార్టుకు వార్త మాత్రమే అందుతుంది.

7. మిల్లీసెకన్లు

కోర్స్‌లో స్క్రూ సెకనుకు 9 కిలోలు, ఫైన్‌లో 1 కిలో పోస్తోందనుకోండి. పీఎల్‌సీ స్కాన్ 20 మిల్లీసెకన్లు కాబట్టి ఫైన్‌లో 20 గ్రాముల తేడాయే వస్తుందనుకుంటాం. కానీ బరువు చూపే ఇండికేటర్ నుంచి మోడ్‌బస్ అనే కమ్యూనికేషన్ లైనులో ప్రతి 200 మిల్లీసెకన్లకు వస్తే అసలు తేడా 200 గ్రాములు, అదే లైను మీద డ్రైవ్‌లన్నీ కూడా ఉండి కొన్నిసార్లు 500 అయితే అర కిలో. టైమింగ్ డయాగ్రమ్‌లో లోడ్ సెల్, ఇండికేటర్ ఫిల్టర్, కమ్యూనికేషన్, స్కాన్, అవుట్‌పుట్ రిలే, స్క్రూ ఆగడం ఒక్కో గీతగా వేసి ప్రతిదానికీ కనిష్ఠం, గరిష్ఠం రాయండి.

కనిష్ఠం అంతా ఎప్పుడూ ఉండే ఆలస్యం, గాల్లో పడుతున్న సరుకుతో కలిపి ముందస్తు కోత అంకెలో (లక్ష్యానికి ఎంత ముందే స్క్రూ ఆపాలన్నది) సర్దుకుపోతుంది. ప్రతి తూకం తర్వాత తేడాలో 30 శాతం ఆ అంకెకు కలిపితే నాలుగైదు బ్యాచ్‌ల్లో కుదురుకుంటుంది. స్టెప్ 19 దాకా వెళ్లిన తూకాన్ని మాత్రం ఇందులో కలపకండి, గడ్డకట్టిన సరుకు ఒకసారి జారిపడితే అంకె మొత్తం చెడుతుంది. గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య తేడాను ఏ లెక్కా సర్దలేదు. నెట్‌వర్క్ నుంచి డ్రైవ్‌లను విడదీయడం, లేదా బరువును అనలాగ్‌గా తీసుకోవడం తప్ప దారి లేదు. 1000 కిలోల హాపర్‌లో 2 కిలోల ఉప్పు తూచాలనుకునేవారికి ఈ డయాగ్రమ్ చూపిస్తే వేరే చిన్న తూకం కొంటారు.

8. పీఎల్‌సీలోకి

కోడెసిస్, సీమెన్స్ గ్రాఫ్, రాక్‌వెల్ స్టూడియో 5000 వంటివాటిలో బొమ్మను దాదాపు అలాగే ఎక్కించవచ్చు. యాక్షన్లు (ఏ అవుట్‌పుట్ ఎప్పుడు నడవాలన్నది) మాత్రం స్టెప్పుల్లో రాయకపోవడం మంచిది. ఒకే వాల్వును రెండు చార్టులు రాస్తే చివర నడిచిందే గెలుస్తుంది. ఎస్ (సెట్) క్వాలిఫయర్‌తో ఆన్ చేసిన అవుట్‌పుట్‌ను ఆర్ (రీసెట్)తో ఆపడం ఏదో ఒక దారిలో మర్చిపోతారు. అవుట్‌పుట్లన్నీ చివర ఒకే బ్లాక్‌లో, ఒక్కోటి ఒకేసారి: గేటు తెరిచే వాల్వు అంటే స్టెప్ 16తో పాటు మోడ్ నడుస్తోంది, లేదా మాన్యువల్ బటన్; రెంటికీ మిక్సర్ తలుపు మూసి ఉండాలి. ఈ చివరి కండిషన్ చార్టు ప్రకారం అనవసరం. అయినా ఉంచండి. మాన్యువల్ మోడ్‌లో ఎవరైనా గేటు బటన్ నొక్కినప్పుడు పట్టేది అదే.

కదలిక ఉన్న ప్రతి స్టెప్‌కు కాపలా సమయం పెట్టండి. గేటు మామూలుగా 5 సెకన్లలో మూస్తే 10కి అలారం. అలారం సందేశం "హాపర్ ఫాల్ట్" అని కాదు, "స్టెప్ 17: గేటు మూసిన స్విచ్ రాలేదు" అని రావాలి. దాటని ట్రాన్సిషన్‌లో ఏ కండిషన్ రాలేదో తెరమీద కనిపిస్తే రాత్రి షిఫ్టులో ఎలక్ట్రీషియన్ నేరుగా ఆ స్విచ్ దగ్గరికే నడుస్తాడు.

9. పరీక్ష

హాపర్‌కు 10 స్టెప్పులు, మిక్సర్‌కు 9, సర్జ్‌కు 3. గుణిస్తే 270 కలయికలు. కరచాలనాల వల్ల చేరగలిగేవి వాటిలో కొన్నే. ప్రమాదకరమైన జంటలు ముందు జాబితా రాసి, అవి ఎప్పటికీ రాకూడదని ప్రోగ్రాంలోనే ఒక కాపలా పెట్టండి: 16, 17లలో ఏదైనా 26తో గానీ 27తో గానీ కలిసి వెలిగితే వెంటనే హోల్డ్, అలారం. డిజైన్ సరైనదైతే అది జీవితంలో మోగదు. ఆరు నెలల తర్వాత ఎవరో "చిన్న మార్పే" అంటూ ఒక ట్రాన్సిషన్ దిద్దిన రోజున మోగుతుంది.

మిగతాది పట్టిక పని. ప్రతి ట్రాన్సిషన్‌కు ఒక వరుస: కండిషన్ రాకముందు దాటలేదు, వచ్చాక దాటింది, రాకుండా ఆపితే కాపలా అలారం వచ్చింది. నాలుగు దారుల స్టెప్ 14కి అంచు విలువలు కూడా: తేడా సరిగ్గా పరిమితి మీద ఉన్నప్పుడు ఏ దారి? కరచాలనాలకు మధ్యలో హోల్డ్, మధ్యలో కరెంటు కోత, రెండూ. సరుకు లేకుండా మొదటి రోజు, ఖరీదైన ప్రీమిక్స్ లేకుండా ఒట్టి తవుడుతో రెండో రోజు. ప్రింట్ తీసిన చార్టుల మీద పరీక్షించిన గీతలకు పసుపు రంగు వేసుకుంటూ వెళ్లండి. రంగు పడని గీత మిగిలితే సంతకం పెట్టకండి.